దువ్వెన ఎందుకు పోయింది

ఇందుమూలముగా మా ఇంటి నాలుగు గోడలకూ, రెండు కిటికీలకూ, కుట్టుమిషను కింద పడుకునే పిల్లికీ, దూరాన ఉన్న చెల్లెలికీ తెలియజేయునది ఏమనగా, గడచిన ఆరు వారాలలో ఈ గృహమునందు ఈ క్రింది వస్తువులు అదృశ్యమైనవి. చెక్క గరిటె ఒకటి. ఈగలు కొట్టే ప్లాస్టిక్ బద్ద ఒకటి. లావుపాటి చెక్క హేంగర్లు రెండు. నా తోలు బెల్టు, ఉన్నదే ఒకటి, అదియునూ పోయినది. మీ వదిన చెక్క దువ్వెన. నేను గుడ్డ కత్తిరించే బల్ల మీద ఇరవై ఏళ్లుగా పడి ఉన్న గజంబద్ద. ఆఖరున, ఒక పాత గొడుగు. ఈ దొంగతనములతో గృహ యజమానికి, అనగా నాకు, ఎట్టి సంబంధమూ లేదని, ప్యాంటు జారిపోకుండా ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో ప్రమాణపూర్వకముగా వ్రాయుచున్నాను. నవ్వినవారు శిక్షార్హులు.

ప్రియమైన చెల్లికి, అన్నయ్య ఆశీర్వదించి రాస్తున్నది. మేమిక్కడ ముగ్గురమూ బాగానే ఉన్నాం. నువ్వూ అక్కడ బాగానే ఉన్నావనుకుంటాను. ఈ వాక్యం ప్రతి ఉత్తరంలోనూ నా చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఈసారి మాత్రం రాశాక కలం ఆపి, "బాగానే" అన్న మాట వంక కాసేపు అనుమానంగా చూశాను.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనయితే నీకు గిట్టని మాట రాగానే "సిగ్నలు లేదన్నయ్యా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని సగంలో మడిచేసినా మిగతా సగం ఎక్కడికీ పోదు. నీ దిండు కింద కూర్చుని నిన్ను చూస్తూనే ఉంటుంది.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. బొంగరం సరిగా తింటోందా అన్నావు. తింటోంది. పెట్టింది పెట్టినట్టు, ఒక్క మెతుకు కింద పడకుండా తింటోంది. ఏడేళ్ల పిల్ల అలా తినడం నేనెక్కడా చూడలేదు, నలభై తొమ్మిదేళ్ల నాకే చేతకాదు. హోంవర్కు చేస్తోందా అన్నావు. చేసి, చెరిపి, మళ్ళీ చేసి, కాగితానికి కన్నం పడేదాకా చెరుపుతోంది. అల్లరి చేస్తోందా అన్నావు. చెయ్యడం లేదు. నాకు మింగుడు పడనిది ఇదే. నీ కూతురికి బొంగరమని పేరు పెట్టింది నేను. రెండేళ్లప్పుడు ఒక్కచోట నిలవకుండా గిరగిరా తిరిగేది కాబట్టి పెట్టాను. ఇప్పుడు కూర్చోమన్నచోట కూర్చుంటుంది, లేవమనేదాకా లేవదు. ఒకరోజు "ఇక్కడ కూర్చో, వస్తా" అని చెప్పి, ఎవరో బట్టలు కుట్టించుకోవడానికి వస్తే ఆ మాటల్లో పడి మరిచిపోయాను. గంటన్నర తర్వాత వెళ్లి చూస్తే అక్కడే ఉంది. ఒళ్లో పెట్టుకున్న చేతులు కూడా కదల్లేదు. నువ్వయితే "ఎంత క్రమశిక్షణో చూడు" అని మురిసిపోతావేమో. నేను మాత్రం దాన్ని లేపి, చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా తిప్పుకొచ్చాను.

నాలుగో ప్రశ్న. మీ ల్యాబు వాళ్లు పంపిన రక్తపరీక్షల శిక్షణ వచ్చే నెలాఖరుకి అయిపోతుందనీ, హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు కాబట్టి మా దగ్గర వదిలావు గానీ ఇంక బెంగగా ఉందనీ, బావగారు డ్యూటీ మీద ఇటొచ్చే రైల్లోనే వచ్చి తీసుకెళ్తారనీ, బట్టలు సర్ది ఉంచమనీ రాశావు. దానికి జవాబు ఈ ఉత్తరం చివర్లో ఉంది. పేజీలు తిప్పెయ్యకు. నీ సంగతి నాకు తెలుసు, తిప్పేస్తావు. వెనక్కి రా.

ఇక దొంగతనాల సంగతి. మొదట పోయింది గరిటె. మీ వదిన తిన్నగా మా ముందు గదిలోకి, అంటే నా టైలరింగ్ షాపులోకి వచ్చి చెయ్యి చాపింది.

"ఇవ్వండి."

"ఏమిటి?"

"ఎక్కువ నటించకండి. గరిటె ఇవ్వండి, పొయ్యి మీద కూర మాడుతోంది."

ఆవిడ తప్పేం లేదు. బియ్యం డబ్బాలో తెల్ల గుండీలు కలిపి, అన్నం ఉడికి పళ్లెంలోకి వచ్చేదాకా నోరు విప్పని మొగుడితో ఇరవై రెండేళ్లు కాపురం చేసింది పాపం. ఇంట్లో పిన్ను కనబడకపోయినా ముందు నా జేబులు దులుపుతుంది. ఆ తర్వాత ఈగల బద్ద పోయింది, హేంగర్లు పోయాయి. ప్రతిదానికీ నన్నే నిలబెట్టి అడిగింది. నా బెల్టు పోయినరోజు "బెల్టు నేనే దొంగిలించుకుని ప్యాంటు జారుతూ తిరుగుతానా?" అన్నాను. "మీరా? తిరుగుతారు" అంది.

అప్పటికి నేను ఆవిణ్ణి అనుమానించడం మొదలుపెట్టాను. గుండీల అన్నానికి ఇన్నేళ్ల తర్వాత పగ తీర్చుకుంటోందని నా లెక్క. నాకు ఎదుటివాళ్ల మీద అనుమానం రావడం, నిజం చెప్పాలంటే, ఊపిరి తీసుకున్నంత సులువు. కానీ ఈసారి ఆ అనుమానం సరైన మనిషి దగ్గరికి చేరడానికి ఆరు వారాలు పట్టింది.

నిజానికి పిల్ల వచ్చిన వారంలోనే నాకు ఒక సంగతి తెలిసి ఉండాలి. షాపులో మూలన బట్టలు వేసి చూసుకునే చోట తెర ఉంటుంది కదా, దాని వెనక దాక్కున్నాను. బొంగరం పాలగ్లాసు తీసుకుని వస్తోంది. "భౌ" అని దూకాను. ఈ వీధిలో పిల్లలందరి మీదా నేనీ విద్య ప్రయోగించాను చెల్లీ, ఎవరు ఏం చేస్తారో నాకు కంఠతా వచ్చు. కొందరు కెవ్వుమంటారు. కొందరు నా పొట్టలో గుద్దుతారు. ఎదురింటి చిన్నదయితే నన్ను బూతులు తిట్టి తర్వాత నవ్వుతుంది. ఇది అరవలేదు, గ్లాసు వదల్లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, రెండో చెయ్యి తలమీద అడ్డం పెట్టుకుని, మెడ లోపలికి లాక్కుని అలా నిలబడిపోయింది.

"ఇంకెప్పుడూ చెయ్యను," అంది.

"ఏం చెయ్యవే?"

కళ్లు తెరవకుండానే అంది, "ఏదైనా."

నా జన్మలో నేను చేసిన ఎన్నో వేళాకోళాలు ఎదురు తిరిగాయి. తిట్లు తిన్నాను, ఒకసారి తలకి మూడు కుట్లు కూడా పడ్డాయి. కానీ ఆ "ఏదైనా" అన్న మాట తగిలినంతగా ఏదీ తగల్లేదు. ఆ రోజు నుంచి తెర వెనక దాక్కోవడం మానేశాను. అయినా సరే, పిరికిపిల్ల అనుకున్నాను, అంతే. అక్కడితో ఆగాను.

రెండోది గౌను. ఇక్కడి స్కూల్లో వేశాక యూనిఫారం నేనే కుట్టాను. పొడవు కొలుస్తుంటే పిక్కల మీద అడ్డంగా రెండు పాలిపోయిన చారలు కనబడ్డాయి. బెంచీ తగిలిందేమో అనుకున్నాను. భుజం పదింబావు అంగుళాలు వచ్చింది. ఏడేళ్ల పిల్లకి తక్కువే. నీ పోలిక అనుకుని అలాగే కత్తిరించాను. అయిదో వారానికి ఆ గౌను భుజాల దగ్గర బిగుసుకుపోయింది, చెయ్యెత్తితే చంక దగ్గర పిగిలింది. మీ వదిన నన్ను కడిగేసింది. "ఇరవై ఏళ్ల టైలరు, చిన్నపిల్ల గౌను కుదరలేదు." నేను అనుమానంగా పొడవు చూశాను. పిల్ల ఎదిగితే ముందు గౌను పొట్టి కావాలి. పొడవు అంగుళం కూడా మారలేదు. టేపు పాడైందేమోనని బల్లకి పెట్టి చూశాను. టేపు బాగానే ఉంది. భుజం మళ్ళీ కొలిస్తే పదకొండు.

ఎముక పెరగకుండా భుజం ముప్పావు అంగుళం పెరగడం ఏమిటి? అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి కొలిచినప్పుడు నా చంకలో గజంబద్ద ఉంది. రెండోసారి లేదు, అప్పటికే పోయింది కదా.

మాకు పిల్లల్లేరు, పిల్లల సంగతి నాకేం తెలుసంటావేమో. పిల్లల భుజాల సంగతి నాకు తెలుసు. స్కూళ్లు తెరిచే రోజుల్లో రోజుకి ముప్ఫైమందిని కొలుస్తాను. తండ్రి పక్కన నిలబడ్డప్పుడు ఒక కొలత, తండ్రి బీడీకోసం బయటికెళ్లాక ఇంకో కొలత వచ్చే పిల్లలు ఉంటారు. అలాంటివాళ్లకి నేను పైకి చెప్పకుండా అర అంగుళం వదులు పెట్టి కుడతాను. ఎవరు ఎదురుగా ఉంటే ఆ పిల్ల ముడుచుకుపోతుందో నా టేపుకి తెలిసిపోతుంది. మనింటి పిల్ల దగ్గరకొచ్చేసరికి అదే టేపుని నమ్మకుండా నీ పోలిక అనుకున్నాను చూడు, అదీ నా తెలివి.

దొంగని పట్టాలనుకుని పాత గొడుగు కర్రకి నీలం సుద్ద బాగా రుద్దాను, మేం గుడ్డ మీద గీతలు గీసే సుద్ద. గుమ్మం పక్కన ఆనించి ఏమీ ఎరగనట్టు మిషను తొక్కుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి గొడుగు మాయం. ముందు మీ వదిన చేతులు పట్టుకుని తిప్పి చూశాను. "ఏమిటిది, ఈ వయసులో సరసం?" అంది. శుభ్రంగా ఉన్నాయి. బొంగరాన్ని పిలిచాను. చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చింది. గౌను ముందంతా నీలం.

నవ్వి, బిస్కెట్టు ఇచ్చి పంపేశాను. మర్నాడు అది స్కూలుకెళ్లాక వెతికితే, కత్తిరించే బల్ల కింద పేలికల సంచిలో అడుగున దొరికాయి అన్నీ. ఒక్కొక్కదాన్నీ వేరే వేరే పేలికలో చుట్టి, పైన నాడాతో ముడేసి, పొట్టివన్నీ ఒక పక్కా పొడుగువన్నీ ఒక పక్కా పెట్టింది. బెల్టుని చుట్టచుట్టి నా పాత సాక్సులో కూరింది, దాన్ని నేనింకా బయటికి తియ్యలేదు. కత్తెర జోలికి పోలేదు. సూదుల డబ్బా, ఇస్త్రీపెట్టె, బ్లేడు, ఏవీ ముట్టుకోలేదు. కోసేవీ కాల్చేవీ గుచ్చేవీ అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. దాచినవాటిలో మాత్రం పిల్లని కొట్టడానికి పనికిరానిది ఒక్కటీ లేదు.

ఒక్కటి తప్ప, అనుకున్నాను. దువ్వెన.

దువ్వెన మీ వదినది. ఆరు వారాలుగా పిల్లకి జడ వేస్తున్నదీ మీ వదినే. నా బుర్ర ఎటు పోయిందో నీకు అర్థమయ్యే ఉంటుంది. సంచి పట్టుకుని వంటింట్లోకి వెళ్లి అడిగేశాను.

"నువ్వేనా?"

"ఏమిటి నేనా?"

"పిల్లని... దువ్వెనతో..."

ఆవిడ చేతిలోని గిన్నె కింద పెట్టింది. "మీరు నవ్వులాటకి నన్నన్నవన్నీ మరిచిపోయాను. ఇది మాత్రం చచ్చేదాకా గుర్తుపెట్టుకుంటాను," అంది. ఆ తర్వాత ఆవిడే స్టూలు లాక్కుని కూర్చుని సంచిలోంచి దువ్వెన తీసి అటూ ఇటూ తిప్పింది.

"కాస్త బుర్ర పెట్టండి. దువ్వెనతో కొట్టాలని ఎవరికి తోస్తుంది? అప్పటికి చేతిలో దువ్వెన ఉన్న మనిషికే. మీ బావగారికి జడ వెయ్యడం వచ్చా?"

"ఆయన నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. ఆ నాలుగూ పడుకుంటాడు."

"పోనీ స్కూల్లో జడలు వేస్తారా?"

"వెయ్యరు."

"మొదటిరోజు నేను దువ్వెన పెట్టగానే మెడ ఇలా లోపలికి పోయింది. జుట్టు చిక్కు పడి నొప్పేమో అనుకున్నా. చిక్కు లేదు," అంది. ఆ తర్వాత "మరి?" అంది. ఆ "మరి"కి జవాబు నాకు తెలుసు. అయినా నువ్వు కాక ఇంకెవరైనా దోషి దొరుకుతారేమోనని చెప్పులు తొడుక్కుని స్కూలుకి బయల్దేరాను.

స్కూల్లో నీ కూతురి క్లాసు మేడం వయసులో చిన్నది, ఉద్యోగంలో చేరి ఏడాది అయ్యుంటుంది. యూనిఫారం గుడ్డ చూపించే నెపంతో వెళ్లి, ఆవిడ రిజిస్టరు చూసుకుంటుంటే వెనక బీరువా తలుపు కాస్త లాగి చూశాను.

"ఏం వెతుకుతున్నారండీ?"

"బెత్తం."

"బెత్తమా? మీకెందుకు?"

"నాక్కాదండీ. మీకుందేమోనని."

ఆవిడ నవ్వలేదు. కుర్చీ చూపించింది. "నేనే కబురు పెడదామనుకున్నాను," అంది. ఆవిడ అడిగిన ప్రతి ప్రశ్నకీ నీ కూతురు ముందు సారీ చెప్పి తర్వాత జవాబు చెబుతుందట. జవాబు సరైనదేనట. సరైన జవాబుకి కూడా సారీ. వెనక నుంచి నడిచివెళ్తే పుస్తకం మీద చేతులు అడ్డం పెట్టుకుని, అంతవరకూ రాసిందంతా చెరిపేస్తుందట. దాంతో పరీక్ష కాగితం ఖాళీగా వస్తుంది, మార్కులు రావు. "తెలివి లేక కాదండీ. తెలిసింది ఉంచుకునే ధైర్యం లేదు," అంది. నాకు కాస్త హాయిగా అనిపించింది. తప్పు ఈ ఊళ్లో ఎవరిదో అయ్యుంటుందని ఇంకా ఆశ.

అప్పుడు ఆవిడ చెప్పింది. మొన్న బుధవారం మంచినీళ్ల కుళాయి దగ్గర, ఒకటో తరగతి పిల్ల బొంగరం మీద నీళ్లు ఒలకబోసింది. నీ కూతురు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, స్కేలు తీసుకుని, అరచేతి మీద కొట్టింది. కోపంగా కూడా కాదట, పని చేసినట్టు కొట్టిందట. ఆ చిన్నది ఏడుపు మొదలెడితే నీ కూతురు దాని చెవి దగ్గర వంగి ఒక మాట అంది. మేడం ఆ మాటని నాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

"ఏడిస్తే మళ్ళీ మొదట్నుంచి."

అది మన నాన్న మాట. నాన్న పోయి తొమ్మిదేళ్లు. బొంగరానికి ఏడు. ఆయన నోట్లోంచి ఈ పిల్ల నోట్లోకి ఆ మూడు ముక్కలు రావాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ మాట విన్నవాళ్లం ప్రపంచంలో ఇద్దరమే మిగిలాం. నేను దాన్ని ఎవరితోనూ అనలేదు.

ఇంటికొచ్చి బొంగరాన్ని అడిగాను. గుండీలు రంగు వారీగా ఏరుతూ కూర్చున్నాం. "దువ్వెనతో ఎవరే?" అన్నాను, గుండీల వంకే చూస్తూ. ఇంకో రెండు గుండీలు ఏరి "అమ్మ" అంది. "ఎప్పుడు?" అంటే "జడ వేస్తుంటే కదిలితే" అంది. "ఎన్ని?" అన్నాను. "ఏడవకపోతే ఆరు," అంది. నల్ల గుండీ ఒకటి తెల్లవాటిలో పడితే తీసి సరైన దాంట్లో వేసింది.

ఇప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. "ఒకటో రెండో వెయ్యని తల్లి ఎవరన్నయ్యా" అంటావు. పొద్దున్నే డ్యూటీ, స్కూలు బస్సు, మొగుడు రైల్లో, ఒక్కదాన్నే చూసుకోవాలి అంటావు. అది నిజం. నేను కాదనను. నీ కిందటి ఉత్తరం మూడో పేజీ మళ్ళీ తీసి చదివాను. "గారాబం చెయ్యకు, మాట వినకపోతే రెండు తగిలించు" అని రాశావు. అప్పుడు మామూలుగా చదివి వదిలేశాను. ఇప్పుడు ఆ "రెండు" దగ్గరే ఆగిపోతున్నాను. ల్యాబులో నువ్వు సూది గుచ్చితే గుచ్చినట్టే తెలీదని పేషెంట్లు నీ కోసం లైన్లో నిలబడతారని బావగారు గొప్పగా చెబుతారు. అంత మెత్తటి చెయ్యి ఇంటికొచ్చేసరికి ఏమవుతోందే?

నిన్ను తిడదామనే ఈ ఉత్తరం మొదలెట్టాను. కానీ తిట్టే హక్కు నాకెంత ఉందో ఇక్కడ రాయకపోతే నేను దొంగనవుతాను. ముప్ఫై ఎనిమిదేళ్లుగా దాచిన సంగతి ఒకటుంది.

నాన్న ఆఫీసు చొక్కా చేతులు కుట్టేసిన రోజు నీకు గుర్తుందిగా. గుర్తు లేకుండా ఎలా ఉంటుంది. పొద్దున్నే చొక్కా తొడుక్కుంటే చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. రెండు చేతులూ చివర్న దారంతో కుట్టేసి ఉన్నాయి. ఆయన చొక్కా తలమీద ఇరుక్కుని గదంతా తిరుగుతుంటే నువ్వు నవ్వావు. నీకు ఏడేళ్లు. బొమ్మకి గౌను కుడుతూ చేతిలో సూదీ దారంతో కూర్చుని ఉన్నావు. అంతకంటే సాక్ష్యం ఎవరికి కావాలి? నేను కాదు నాన్నా అని మూడుసార్లు అన్నావు. నాలుగోసారి నేనే అన్నావు. హేంగరుతో కొట్టాడు. మధ్యలో ఏడ్చావని మళ్ళీ మొదట్నుంచి కొట్టాడు.

ఆ చొక్కా కుట్టింది నేను చెల్లీ. పదకొండేళ్లవాణ్ణి. నా జీవితంలో వేసిన మొదటి కుట్టు అది. నువ్వు దెబ్బలు తింటుంటే పక్కగదిలో సాంఘికశాస్త్రం పుస్తకం పట్టుకుని పాఠం పైకి చదువుతున్నాను. నీ ఏడుపు పెద్దదయిన కొద్దీ నేను గొంతు పెంచాను. "ఎంత శ్రద్ధగా చదువుతున్నాడో చూడు వాడు" అని ఆయన నిన్ను కొడుతూనే నన్ను మెచ్చుకున్నాడు.

అప్పట్నుంచి నువ్వు గుడ్డకుట్టే సూది ముట్టలేదు. నరంలోకి సూది దించుతావు గానీ చొక్కా గుండీ ఊడితే పార్సెలు చేసి నాకు పంపుతావు. పంపినప్పుడల్లా "బద్ధకం" అని నిన్ను ఎగతాళి చేస్తూ కుట్టి పంపేవాణ్ణి. నీ మీద పడాల్సిన దెబ్బ కాదది. అది నీ ఒంటిమీదే ఉండిపోయింది. ఆయన చేతిని నువ్వు నేర్చుకున్నావు. నేను తప్పించుకోవడం నేర్చుకున్నాను. ఎవరైనా చెయ్యెత్తకముందే వాళ్లని నవ్వించెయ్యడం. నన్ను చూసి అందరూ సరదా మనిషి అంటారు. ఇప్పటికీ ఎవరైనా నా వెనక తలుపు గట్టిగా వేస్తే ముందు నాకు నోటికొచ్చేది ఒక జోకు. మీ వదినకి కూడా తెలీదు ఎందుకో.

క్షమించమని అడగను. అడిగితే "పోనీలే అన్నయ్యా" అంటావు, నాకు హాయి అయిపోతుంది. ఆ హాయి నాకొద్దు.

నాలుగో ప్రశ్నకి జవాబు. పిల్లని బావగారితో పంపను. ఆయన వస్తే భోజనం పెట్టి పంపేస్తాను. నువ్వే రా. శిక్షణ అవ్వగానే సెలవు పెట్టి వచ్చి మా ఇంట్లో పది రోజులుండు. రోజూ పొద్దున్న నువ్వే జడ వెయ్యి, ఆ దువ్వెనతోనే వెయ్యి, మీ వదిన పక్కనే కూర్చుంటుంది. కొట్టాలనిపించినప్పుడు దువ్వెన ఆవిడ చేతికిచ్చేసి నా దగ్గరికొచ్చి నన్ను తిట్టు. ఆ చొక్కా సంగతే ఎత్తి తిట్టు, ముప్ఫై ఎనిమిదేళ్లకి సరిపడా తిట్టు. మిషను ఆపి వింటాను. పదోరోజున నువ్వు గదిలో ఉండగా, పిల్ల పక్కనే నిలబడి ఉండగా, నేను దాని భుజం కొలుస్తాను. పదకొండు వస్తే మీ ఇద్దరికీ నేనే టిక్కెట్టు కొంటాను. పదింబావు వస్తే ఇంకో పది రోజులు. అన్నా చెల్లెళ్ల మధ్య ఇంత కర్కశంగా కొలతలేమిటని నువ్వు ఏడవొచ్చు. ఏడువు. మొదట్నుంచి అని ఎవరూ అనరు.

ఇంక ఒక్కటే మిగిలింది. ఈ ఉత్తరంలో ఒక అబద్ధం రాశాను. నేను రాసింది కాబట్టి ఒకటేనా అని నీకు అనుమానం రావడం సహజం. ఒకటే. గుండీలు ఏరుతూ బొంగరం చెప్పిందని రాశానే, అది మొత్తం నేను అల్లిందే. ఆ పిల్ల "అమ్మ" అనలేదు. "జడ వేస్తుంటే కదిలితే" అనలేదు. ఆరు అన్న లెక్క నాన్నది, నాకు గుర్తున్నది, దాని నోట్లో పెట్టాను. ఆ చోటు కొట్టేసి తిరగరాయొచ్చు. కావాలనే ఉంచాను. "అమ్మ" అని చెప్పిందన్న చోట చదువుతున్నప్పుడు నీకు ముందు ఎవరి మీద కోపం వచ్చింది? నామీదనా, నీమీదనా, దానిమీదనా? నాకు రాయక్కర్లేదు. నువ్వు చూసుకుంటే చాలు. కానీ ఆ మాటని అలాగే వదిలేసి ఉత్తరం మూసేస్తే, నువ్వు వచ్చిన మొదటి రోజే దాన్ని పక్కకి పిలిచి "మావయ్యకి చెప్పావా" అని అడుగుతావు. అందుకని చెబుతున్నాను. అది చెప్పలేదు.

పిక్కల మీద ఆ చారలు ఎలా పడ్డాయని మూడు రోజులు అడిగాను. ఆటలో కలిపి అడిగాను, కథలో పెట్టి అడిగాను, ఒకసారి గట్టిగానే అడిగాను, తర్వాత సిగ్గుపడ్డాను. ఎలా అడిగినా ఒకటే జవాబు. మెట్ల మీంచి పడ్డానంది. ఏ మెట్లే అంటే మా ఇంటి మెట్లు అంది. ఎన్నున్నాయే అన్నాను. లోపల్లోపల లెక్కపెట్టుకుని పన్నెండు అంది. రోజూ ఎక్కీ దిగీ అలవాటున్నదానిలా, ఆరోది కొంచెం విరిగిందని కూడా చెప్పింది.

మీ క్వార్టరుకి గుమ్మం దాటితే నేలే కదా చెల్లీ. ఆ పన్నెండు మెట్లూ నీ కోసం అది ఒక్కతే కూర్చుని కట్టుకుంది.

ఇట్లు,
నీ తోడబుట్టిన
అన్నయ్య